ఆయన కంటి ఎత్తులో బొగ్గుబాయి

“నేను బతికున్నన్ని దినాలు నువ్వు బాయి దిగవు. గంతే. ఇంకో ముచ్చట లేదు.”

“కొలువు నాది బాపమ్మా. చదివింది నేను, దిగేది నేను. నడుమ నీకేం నొప్పి?”

“నొప్పి నాకు గాక ఎవరికుంటదే? మీ తాత దిగినన్ని ఏండ్లు దర్వాజ కాడ కూసున్నది నేనా, నువ్వా?”

“అప్పటి బాయి వేరు, ఇప్పటిది వేరు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

“బండ మారిందా? బొగ్గు మారిందా? మీద పడితే ఇప్పుడు మెత్తగ పడుతదా?”

వంటింట్లో గిన్నెలు తోముతున్న కోడలు తల బయటికి పెట్టింది. “జర మెల్లగ అత్తమ్మా. పక్కింటోళ్లు టీవీ బంద్ చేసి మరీ ఇంటున్నరు.”

“ఇననీ. వాళ్లకు కరెంటన్న మిగులుతది,” అన్నాను.

కోడలు నవ్వింది. నా మనుమరాలు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

పోయిన వానకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీరాంపూర్‌లో మా ఇంట్లో జరిగిన తగువు ఇది. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటాం. నా కొడుకు కూతురు గనుల ఇంజనీరింగ్ చదివింది. ఇదివరకు ఆడవాళ్ళను కిందికి దింపేవాళ్ళు కాదు, చట్టమే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఒప్పుకుంటోంది. పిల్లకు కంపెనీలో కొలువు వచ్చాక ముందర రెండు దారులు పెట్టారు. పైన ఆఫీసులో కూర్చొని నక్షలు గీసే పని ఒకటి, కింద షిఫ్టులో దిగి చేసే పని ఒకటి. ఏది కావాలో సోమవారం పొద్దున రాసి ఇవ్వాలి. పిల్ల కిందికే పోతానంటుంది. మస్కట్‌లో ఉన్న నా కొడుకును ఫోన్‌లో అడిగితే, “మా అవ్వ ఏమంటే అదే. బాయి సంగతి ఆమెకు ఎర్కైనంత నాకు ఎర్కలేదు,” అని తప్పుకున్నాడు. అట్లా ఆ మాట నా నెత్తిన పడింది.

బాయి సంగతి నాకు తెలుసని వాడు అనుకున్నాడు గానీ, నాకు తెలిసింది ఎదురుచూడటం ఒక్కటే.

నేను సుల్తానాబాద్ పక్కన వరి పొలాల మధ్య పుట్టినదాన్ని. మూడో తరగతి అయిందో లేదో, నారు కట్టలు అందించడానికి మనిషి కావాలని బడి మాన్పించారు. పెళ్ళైన కొన్నాళ్ళకు మా ఆయనకు బాయిలో పని దొరికి ఇక్కడికి వచ్చాం. అప్పటికి నాకు తెలిసిన బాయి మా పొలంలో మోట కొట్టే బావి. అందుకని ఇక్కడి బాయి కూడా అట్లాగే ఉంటుందనుకున్నాను. ఇంకా పెద్దది, ఇంకా లోతు, అడుగున మగవాళ్ళంతా గుంపుగా కూర్చొని మాట్లాడుకుంటూ బొగ్గు తవ్వుతుంటారు, ఒడ్డున నిలబడి తొంగి చూస్తే కనిపిస్తారు. ఇట్లా ఉండేది నా ఊహ. ఆయనను అడిగితే, “ఏముంటది? చీకటుంటది,” అనేవాడు. ఆ రెండు మాటలతో సరిపెట్టేవాడు. తట్టా, చెమ్మాసు అనే పార పట్టి బొగ్గు నింపి, అక్కడే స్నానం చేసి వచ్చినా చెవుల వెనక నలుపు అట్లాగే ఉండేది. ఆ నలుపే నేను చూసిన బాయి.

వేళ కాని వేళ సైరన్ కూస్తే మా క్వార్టర్ల లైన్‌లోని ఆడవాళ్ళమంతా పొయ్యి మీది కూర పొయ్యి మీదనే వదిలేసి గేటు దాకా ఉరికేవాళ్ళం. గేటు అవతల ఏముందో మాలో ఒక్కరికీ తెలియదు. చూసినదానికి భయపడితే ఆ భయానికి ఒక కొలత ఉంటుంది. చూడనిదానికి భయపడితే దానికి కొలతే ఉండదు. మా ఆయన రిటైరై, ఇంట్లోనే కొన్నేళ్ళు బతికి, మంచంలో కన్ను మూశాడు. ఆయనకు బాయిలో ఏమీ కాలేదు. అయినా ఆ భయం నాలోంచి పోలేదు. మనుమరాలు దిగుతానన్న రోజు మళ్ళీ లేచి కూర్చుంది.

ప్రాణం మీదికి వస్తుందంటే పిల్ల వినడం లేదని ఆ రోజు ఇంకో మాట తీశాను.

“పాణం సంగతి పక్కకు వెట్టు. బాయి మనిషిని మనిషి లెక్క ఉంచదు. మీ తాత ఒక్కనాడన్న నా మొహం చూసి మాట్లాడిండా?”

“అదేం ముచ్చట బాపమ్మా?”

“గదే ముచ్చట. కూరల ఉప్పు తక్కువైతే గోడకు చెప్పేటోడు. మీ బాపు పుట్టినప్పుడు దవాఖానకు వచ్చి, మంచిగున్నవా అని తలుపును అడిగిండు. పెండ్లైన కొత్తల గట్ల లేకుండె. బాయి పట్టినంకనే గట్లైండు. రేపు నీ కథ గంతే. మీ అవ్వతోని మాట్లాడుకుంట కిటికి దిక్కు చూస్తవు.”

అది తగువు కోసం కల్పించిన మాట కాదు. మా ఆయన చెడ్డవాడు కాదు. తాగి వచ్చి గొడవ చేసిన మనిషి కాదు, చెయ్యెత్తిన మనిషీ కాదు. కానీ మాట్లాడేటప్పుడు గడ్డం కొద్దిగా పక్కకు తిరిగేది. నేను ఎదురుగా నిలబడితే నా భుజం పక్కన ఉన్న గోడను చూస్తూ మాట్లాడేవాడు. “మీ ఆయన నీతోని మాట్లాడుతుండా, సున్నంతోని మాట్లాడుతుండా?” అని మా లైన్‌లో ఒకావిడ ఎగతాళి చేసేది. మిగతా మగవాళ్ళు కూడా అట్లాగే ఉండేవారేమో నాకు తెలియదు. పరాయి మగవాళ్ళ మొహాలు నేనెందుకు చూస్తాను? నా మొహం ఆయనకు నచ్చలేదేమో అని కొన్నాళ్ళు అనుకున్నాను. తర్వాత అట్లా అనుకోవడం కూడా మానేశాను. కాపురంలో అది కూడా ఒక సామానులాగ ఓ మూలన పడి ఉండేది.

పిల్ల కాలి గోరుతో నేల గీకి, “చూస్తవా?” అంది.

“ఏంది చూసేది?”

“బాయి.”

లోపలికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చింది. కొత్తగా చేరినవాళ్ళు దిగకముందే లోపలి దారులు, పద్ధతులు నేర్చుకోవడానికి ఇచ్చిన ప్రోగ్రాం అట అది. కంప్యూటర్‌లోనే ఒక బాయిని కట్టి పెట్టారు. అందులో తిరగవచ్చు, ఆగవచ్చు, తప్పు చేయవచ్చు. తప్పు చేసినా ఎవరికీ ఏమీ కాదు.

“గది నిజం బాయా?” అన్నాను.

“కొలతలు నిజం. బొమ్మ ఉత్తది.”

బియ్యం డబ్బాను గోడకు జరిపి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. మౌసు జారుతోందంటే నిరుటి క్యాలెండరు మడిచి ఇచ్చాను. పాత క్యాలెండర్లు నేను పారేయను. వెనకవైపు తెల్లగా ఉంటుంది, దేనికో ఒకదానికి పనికొస్తుంది. కోడలు కూడా గిన్నెలు వదిలి తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

మొదట కనిపించింది నాకు అర్థం కాలేదు. నల్లటి చౌకాలు వరుసగా, వాటి మధ్య సన్నటి దారులు, అటూ ఇటూ ఎంత దూరం పోతే అంత దూరం. ల్యాప్‌టాప్ అద్దం అంచు దాకా అదే.

“ఇదేం ఊరు?” అన్నాను. “ఇండ్లకు కప్పులు లేవు.”

“ఊరు కాదు బాపమ్మా, బాయే. పైన మన్ను, బండ అంత తీసేసి చూపిస్తుంది. గిన్నె మీద మూత తీసినట్టు. గీ నల్లటి చౌకాలు బొగ్గే. తవ్వకుంట ఇడిచిపెడుతరు, మీది బండను మోస్తందుకు. నడుమ తొవ్వలు మనుషులు తిరిగేటియి.”

నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. నా బావి ఏది? మెట్లేవి? గుంపుగా కూర్చున్న మగవాళ్ళేరి? అది ఊరంత ఊరు. మా పుట్టింటి ఊరిని అందులో ఒక మూలన పెడితే పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఇన్ని వీధులు నేల కింద ఉన్నాయని, వాటిలో ఏదో ఒక వీధి చివర నా పెనిమిటి బొగ్గు నింపుతున్నాడని, ఆ పైన ఎక్కడో నేను రొట్టె కాలుస్తున్నానని అన్నేళ్ళలో నా ఊహకు అందలేదు.

“మనుషులేరి?”

“ఇగో,” అని పిల్ల మౌసు మీది చిన్న చక్రం వేలితో తిప్పింది. ఊరంతా మా మీదికి లేచి వచ్చినట్టయింది. ఒక దారి పెద్దదైంది. దానిలో ఒక చుక్క కనిపించింది. చుక్కకు కాళ్ళు వచ్చాయి, టోపీ వచ్చింది, మనిషి అయింది.

“మనిషి పెద్దగైండా?”

“మనిషి గంతనే ఉన్నడు. కెమెరా కిందికి దింపిన.”

“కెమెరా ఏడుంది? నాకు కనవడతలేదు.”

“నిజం కెమెరా కాదు. మనం ఏడ నిలవడి చూస్తున్నమో గా జాగనే కెమెరా అంటరు. గది పైన వెడితే పై నుంచి చూస్తం, కింద వెడితే కింది నుంచి. బాయి మారదు, మన జాగ మారుతది.”

ఈ మాట నాకు వెంటనే ఎక్కింది. ఎందుకు ఎక్కిందో చెప్పలేను. మనిషి లేకుండా చూపు ఒక్కటే వెళ్ళి ఒక చోట నిలబడుతుందట. దానికి కాళ్ళు లేవు, ఊపిరి అక్కర్లేదు, గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆడవాళ్ళు ఇంతవరకే అని గీత గీసిన చోట కూడా ఆగకుండా పోతుంది.

“నాకియ్యి,” అన్నాను.

మౌసు నా చేతిలో పెట్టి, కుడి బటన్ నొక్కి పట్టుకొని జరపాలని చెప్పింది. కొడవలి పట్టిన చేయి, రోకలి పట్టిన చేయి. ఇంత చిన్నదానిని పట్టడం రాలేదు. కుడికి జరిపితే లోకం ఎడమకు తిరిగింది. కిందికి లాగితే చూపు పైకి పోయింది. “గిదేందే, ఉల్టా నడుస్తుంది!” అన్నాను. “నువ్వు లోకాన్ని తిప్పుతున్నవనుకోకు, నీ తల తిప్పుతున్నవనుకో,” అంది. తలే అనుకున్నాక కొంచెం దారికి వచ్చింది.

అంతలో చక్రం ఎక్కువ తిప్పానేమో, దారి పోయింది, మనిషి పోయాడు, అంతా ఒక్కటే బూడిద రంగు.

“అయ్యో! కరాబ్ చేసిన!”

“ఏం కాలే. బండ లోపటికి పోయినవు. బండ లోపట ఏముందో ఎవరు గీయలే, అందుకే ఏం కనవడదు.”

చూపు బండలోకి కూడా పోతుందట. మళ్ళీ వెనక్కి లాగింది పిల్ల. గోడ వచ్చింది, దారి వచ్చింది, ఆ టోపీ మనిషి వచ్చాడు, ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాడు. ఆయన చుట్టూ ఒకసారి తిప్పి మొహం చూశాను. ఎవరి మొహమూ కాదు, బొమ్మ మొహం. ఎందుకు చూశానో నాకే తెలియదు.

“గిట్ల ఎనక నుంచి కాదు,” అన్నాను. “మీ తాత ఎట్ల చూసిండో గట్ల చూడొస్తదా?”

పిల్ల నా వైపు చూసింది. “వస్తది. కెమెరాను మనిషి కంటి కాడ వెట్టాలె. తాత ఎంత పొడుగుండె?”

దర్వాజ దగ్గరికి పోయి చెయ్యెత్తి చూపించాను. పై చెక్కకు నాలుగు వేళ్ళ కింద. ఆయన ఈ దర్వాజ దాటేటప్పుడు తల తగలకపోయినా వంగేవాడు. పిల్ల నా కుట్టు మిషన్ డబ్బాలోంచి టేపు తీసి కొలిచింది. కళ్ళు ఎక్కడికి వస్తాయో అడిగింది. నుదురు, కనుబొమలు గుర్తు చేసుకొని కొంచెం కిందికి వేలు పెట్టాను. చనిపోయిన మనిషి కళ్ళు గాలిలో ఎంత ఎత్తున ఉండేవో చూపించడం నాకు వింతగా అనిపించింది.

పిల్ల ఆ అంకె వేసింది. అద్దంలో చూపు దిగి, ఒక చోట నిలిచింది. పైకప్పు దగ్గరికి వచ్చింది. నెత్తికి తగులుతుందేమో అన్నంత దగ్గర.

“ముందల ఇంకా కిందికుంటది,” అంది పిల్ల. “ఆడ వంగి నడవాలె.”

తగలకపోయినా ఎందుకు వంగేవాడో నాకు తెలిసింది. కానీ ఇంకా ఏదో సరిగా లేదు. లోపల పెళ్ళి పందిరిలాగ వెలుగుంది. గోడలు, తీగలు, దూరాన ఉన్న మలుపు, అన్నీ కనిపిస్తున్నాయి.

“నీ బాయి అబద్ధమాడుతుంది,” అన్నాను. “చీకటుంటది అన్నడు మీ తాత. గీ వెలుతురు ఎక్కడిది?”

“చూస్తందుకు మంచిగుంటదని వెడుతరు. తీసేస్త ఆగు.”

“తియ్యి. బొమ్మ దీపాలకు గూడ కరెంటు కాలుతదా?”

“కాలదు బాపమ్మా,” అని నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

వెలుగు తీసేసింది. టోపీ మీది లైటు ఒక్కటి ఉంచింది.

ఏం చెప్పాలి? నాకు అన్ని మాటలు రావు. రాత్రి కరెంటు పోతే వచ్చే చీకటి మనకు తెలుసు. అందులో ఆకాశం ఉంటుంది, పక్కింటి దీపం ఉంటుంది, కాసేపటికి కళ్ళు అలవాటు పడతాయి. ఇది అది కాదు. ఇందులో గోడ ఉందో లేదో తెలియదు. ముందర పళ్ళెమంత వెలుగు, ఆ వెలుగు పడిన చోట బొగ్గు మెరుస్తుంది, దాని అంచు దాటితే లోకమే లేదు. మౌసు జరిపితే ఆ పళ్ళెం జరుగుతుంది. ఎడమకు తల తిప్పితే ఎడమ పుడుతుంది, కుడి చచ్చిపోతుంది. పైకి చూస్తే కప్పు ఉంటుంది, కిందికి చూస్తే కప్పు ఉండదు. ఎక్కడ చూస్తే అక్కడే ఉంటుంది బాయి. ఇట్లాంటి చోట ఆయన పొద్దంతా నిలబడి, సాయంత్రం వచ్చి, “ఏముంటది?” అన్నాడు. ఏమని చెబుతాడు పాపం? నేనైనా ఇప్పుడు చెప్పగలుగుతున్నానా?

మధ్యాహ్నం పూట, తలుపు తెరిచి ఉన్న ఇంట్లో, బియ్యం డబ్బా ముందు కూర్చొని ఉన్నాను. అయినా నా వీపు వెనక ఎవరో దీపం ఆర్పినట్టనిపించి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. కోడలు అక్కడే ఉంది.

“నడువు,” అంది పిల్ల. బాణం గుర్తు నొక్కితే ముందుకు పోతామని చెప్పింది. నడిచాను. పళ్ళెమంత వెలుగు నా ముందర నడిచింది. దారులు కలిసే చోట ఇంకో లైటు కనిపించింది. దగ్గరికి పోతే ఇంకో మనిషి, పని చేసేవాడు. మాట్లాడటానికి నిలబడినట్టు నిలబడ్డాడు. ఎవరా అని నేరుగా ఆయన మొహం మీదికి తిప్పాను.

మొహం పోయింది. అంతా తెల్లగా అయింది. కళ్ళు, ముక్కు ఏమీ లేవు, సున్నం కొట్టినట్టు. ఆ బొమ్మ మనిషి చెయ్యెత్తి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అద్దం అడుగున ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

“ఏమైంది? ఏం తప్పు చేసిన?”

“మొహం మీద లైటు కొట్టినవు. గట్ల కొట్టొద్దు బాపమ్మా. చీకట్ల కండ్లు బైర్లు కమ్ముతయి, ఎదుటి మనిషికి కాసేపు ఏం కనవడదు. కింద అది పెద్ద తప్పు. అడుగు ఏడ వెడుతుండో తెల్వకపోతే పాణం మీదికొస్తది. ఎవరితోనన్న మాట్లాడాలంటే తల జర పక్కకు తిప్పాలె. వాళ్ల భుజం పక్కపొంటి గోడను చూడాలె. దిగంగనే మొదలు నేర్పేది గిదే.”

నా చెయ్యి ఆగిపోయింది.

“మల్ల చెప్పు,” అన్నాను.

“భుజం పక్కపొంటి గోడను చూడాలె. ఇగో, జరంత,” అని నా చేతి మీద చెయ్యి వేసి కొద్దిగా పక్కకు జరిపింది.

వెలుగు ఆ మనిషి మీది నుంచి గోడ మీదికి పోయింది. చేయి దించాడు. అప్పుడు ఆ వెలుగు అంచున, గోడ మీద నుంచి తిరిగి వచ్చే మసక వెలుతురులో, మొహం కనిపించింది. కళ్ళు కనిపించాయి, మీసం కనిపించింది. నేరుగా చూసినప్పుడు కనిపించనిది పక్కకు తిప్పితే కనిపించింది.

నాకు తెలిసిన ముక్క ఇంతే: ఆయన గోడను చూడలేదు. నన్ను చూడటానికి గోడ మీద వెలుగు వేసుకున్నాడు. ఇంట్లో నెత్తి మీద లైటు లేకపోయినా, మెడకు అది అలవాటైపోయింది. ఉప్పు తక్కువైందని గోడకు చెప్పినప్పుడూ, దవాఖానలో తలుపును అడిగినప్పుడూ, నా కళ్ళు చెదరకుండా చూసుకున్నాడు. ఆ సంగతి ఆయనకైనా తెలుసో లేదో.

“ఇంటికొచ్చినంక గూడ గట్లనే చేస్తరా?” అని అడిగాను.

“అలవాటైతదట. మాకు నేర్పే సారు గూడ క్లాసుల కిటికి దిక్కు చూసుకుంటనే పాఠం చెప్తడు. మేం ఎనక కూసుండి నవ్వుకుంటుంటిమి, సారుకు మెడ పట్టిందని…” అంటూ పిల్ల మధ్యలో ఆగింది. ఆగి, నన్ను చూసింది. కొద్దిసేపటి కింద నేను అన్న మాట ఆమెకు గుర్తుకు వచ్చింది. “బాపమ్మా,” అంది. “తాత…”

“నాకు సమజైంది. నువ్వు చెప్పకు,” అన్నాను.

కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. చేతులు తడిగా ఉండి తుడుచుకుందో, ఇంకెందుకో. నేను ఏడవలేదు. ఏడిస్తే అద్దం మసకబారుతుంది, ఇంకా చూడవలసింది ఉంది.

మౌసు మళ్ళీ తిప్పాను. మొహం మీదికి వెలుగు వేశాను, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కకు తిప్పాను, చేయి దించాడు. మళ్ళీ వేశాను. మళ్ళీ తిప్పాను. ప్రతిసారీ అట్లాగే, ఒక్కసారి కూడా మారకుండా. పిల్ల విసుక్కోలేదు. బయట చిన్నగా వాన మొదలైతే కోడలు పోయి, పొద్దున ఎండ కాసిందని వాకిట్లో పోసిన వడియాలు లోపల పెట్టి వచ్చింది. నేను లేవలేదు. ఎండిన వడియాలు తడుస్తుంటే నేను లేవకుండా కూర్చోవడం మా ఇంట్లో అదే మొదటిసారి.

తర్వాత నాకు అడగవలసినవి గుర్తుకు వచ్చాయి. బెదిరించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాను.

“గాలి ఎట్లొస్తది?”

పిల్ల కెమెరాను పైకి లేపి, ఏ దారిలోంచి గాలి లోపలికి వచ్చి ఏ దారిలోంచి బయటికి పోతుందో చూపించింది.

“తొవ్వ తప్పితే?”

గోడల మీది గుర్తులు చూపించింది. బయటికి పోయే వైపు గుర్తు ఎట్లా ఉంటుందో, చీకట్లో చేత్తో ఎట్లా తడమాలో చెప్పింది.

“కప్పు ఊడేటట్టుంటే ఎట్ల ఎర్కైతది?”

“కర్రతోని కొట్టి చూస్తరు. గట్టిగున్న బండ కంగుమంటది. ఊడేది డబడబమంటది. డబడబమంటే దాని కిందికి పోవద్దు. నాకు చెవులు మంచిగున్నయి బాపమ్మా.”

“నా మాట ఒక్కటి ఇనపడదు గానీ,” అన్నాను.

అన్నీ అడిగాక కూడా నా భయం పోలేదు. పోయిందంటే అబద్ధం అవుతుంది. కానీ దానికి ఒక కొలత వచ్చింది. ఎక్కడ కప్పు తక్కువ ఉంటుందో తెలిసింది, ఎటు నుంచి గాలి వస్తుందో తెలిసింది. పళ్ళెమంత వెలుగుతో తిరిగే మనుషులు ఎదుటివాడి కళ్ళ కోసం తల పక్కకు తిప్పుకునే చోటు అది అని తెలిసింది. ఆ చోటికి నా మనుమరాలు పోకూడదని అనడానికి, ఆ మధ్యాహ్నం తర్వాత, నా దగ్గర మాట దొరకలేదు.

“బంద్ చెయ్యి,” అన్నాను. “ఛార్జింగు అయిపోతది.”

మూత దించింది. ఇంట్లోకి ఒక్కసారిగా వెలుగు వచ్చినట్టయింది, అంతకుముందు కూడా అదే వెలుగున్నా.

“మరి ఏమంటవు?” అని అడిగింది. వేళ్ళు మూత మీదనే ఉన్నాయి. పొద్దటి నుంచి అరిచిన పిల్ల, ఇప్పుడు గొంతు తగ్గించి అడిగింది. నేను వద్దంటే మానేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. అది తెలిశాక వద్దనడం ఇంకా కష్టమైంది.

“రాసియ్యి,” అన్నాను. “కిందికనే రాసియ్యి.”

“నిజంగనా?”

“ఒకసారి చెప్తే ఇనవడదా? కర్రతోని కొట్టాల్నా, కంగుమంటదో డబడబమంటదో చూస్తందుకు? కానీ ఒక్క మాట. కింద నువ్వు గోడను చూస్తవో, బండను చూస్తవో నీ ఇష్టం. గీ ఇంట్ల అడుగు వెట్టినంక మాత్రం నా మొహం చూసి మాట్లాడాలె. నీ మెడ పక్కకు తిరిగిన దినం గడ్డం వట్టి ముందలికి తిప్పుత.”

కోడలు గుమ్మంలోంచే, “మీ మొహం చూసి మాట్లాడుడు బాయి దిగుడు కంటె కష్టం అత్తమ్మా. ఇన్నేండ్ల సంది నాకే అలవాటు గాలే,” అంది.

ఈసారి పిల్లతో పాటు నేను కూడా నవ్వాను. తర్వాత వడియాలు ఎన్ని తడిశాయో చూడటానికి లేచాను.

మరునాడు పొద్దున చీకటి ఉండగానే లేచి జొన్నరొట్టెలు చేశాను. పిల్ల రెండు తిని, ఒకటి కాగితంలో చుట్టుకుంది. మూల మీద కంపెనీ బస్సు ఎక్కి పోయింది. నేను వాకిలి దాకా వచ్చాను, అంతకు మించి పోలేదు. పది దాటాక ఫోన్ చేసి, కింది షిఫ్టుకే రాసి ఇచ్చానని, బూట్ల కొలత తీసుకున్నారని చెప్పింది. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, తడిసిన వడియాలను మళ్ళీ ఎండలో పోశాను.